సీసా మీది ఎర్ర గడి: మీ ప్రశ్నలు, నా జవాబులు

గత సంచికలో ఇళ్లలో వాడే శుభ్రపరిచే ద్రవాల గురించి రాస్తూ, లేబుల్ మీది ఎర్ర అంచు గడులను చూడకుండా ఏ సీసా మూతా తీయవద్దన్నాను. ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం పట్టుకునే వచ్చాయి. అందుకే ఈ నెల శీర్షికంతా వాటికే కేటాయిస్తున్నాను.

నా ఉద్యోగమంతా కళాశాల రసాయనశాలలోనే గడిచింది. కొత్తగా చేరిన పిల్లల చేత మొదటి రోజు ఒకే పని చేయించేదాన్ని. మూత ముట్టుకోకుండా, సీసాను బల్ల మీదే ఉంచి, లేబుల్ మొత్తం పైకి చదివి వినిపించాలి. గుర్తు ఒక్కటే చెబితే ఒప్పుకునేదాన్ని కాదు. గుర్తు, దాని పక్కనున్న మాట, కింది వాక్యాలు, మూడూ చదవాలి. మీకూ అదే చెబుతాను.

ఉత్తరాల్లోకి వెళ్లే ముందు కొంచెం నేపథ్యం. ఒకప్పుడు ఏ దేశం గుర్తులు ఆ దేశానివే. ఒకచోట విషమని ముద్ర పడిన సరుకు సరిహద్దు దాటితే మామూలు సరుకయ్యేది. 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఈ గందరగోళాన్ని తొలగించాలని తీర్మానించింది. ఆ పని ఫలితమే ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన జీహెచ్‌ఎస్ పద్ధతి. రసాయనాల వర్గీకరణకూ లేబుళ్లకూ ప్రపంచమంతటికీ ఒకే భాష ఉండాలన్నది దాని ఉద్దేశం. మూల మీద నిలబెట్టిన చతురస్రం, ఎర్ర అంచు, తెల్లని లోపలి భాగం, నల్లని బొమ్మ. అలాంటి గుర్తులు మొత్తం తొమ్మిది: పేలుతున్న బాంబు, మంట, వృత్తం మీద మంట, గ్యాస్ సిలిండర్, చేతినీ లోహాన్నీ తినేస్తున్న ద్రవం, పుర్రె–ఎముకలు, ఆశ్చర్యార్థకం, ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి, ఎండిన చెట్టు పక్కన చచ్చిన చేప.

ప్రశ్న: అమ్మా, మా ఇంట్లో మురుగు గొట్టాలు శుభ్రం చేసే ద్రవాలు రెండున్నాయి. రెండింటిలోనూ సోడియం హైడ్రాక్సైడే అని రాసి ఉంది. ఒకదాని మీద ఆశ్చర్యార్థకం ఉంటే, రెండోదాని మీద చెయ్యి కాలుతున్న బొమ్మ ఉంది. ఒకే పదార్థానికి రెండు గుర్తులెందుకు? ఎక్కువ గుర్తులున్న సీసానే ఎక్కువ ప్రమాదమని అనుకోవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: మీ రెండు లేబుళ్లూ నిజమే చెబుతున్నాయమ్మా. తేడా గాఢతలో ఉంది. యూరప్ నిబంధనల ప్రకారం సోడియం హైడ్రాక్సైడ్ అర శాతం నుంచి 2 శాతం లోపు ఉంటే అది చర్మానికీ కళ్లకూ చికాకు కలిగించే ద్రవం. దానికి ఆశ్చర్యార్థకం వేస్తారు. 2 శాతానికి చేరగానే చర్మాన్ని కాల్చే ద్రవాల జాబితాలోకి వెళ్తుంది, గుర్తు మారుతుంది. అందుకని పదార్థం పేరు తెలిసినంత మాత్రాన సీసా సంగతి తెలిసినట్టు కాదు.

ఇప్పుడు రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి గుర్తు దగ్గరున్న పెద్ద అక్షరాల మాట చూడండి. ఒకదాని మీద వార్నింగ్ అనీ, రెండోదాని మీద డేంజర్ అనీ ఉంటుంది. ఈ పద్ధతిలో ఉన్నవి ఆ రెండు మాటలే. డేంజర్ తీవ్రమైనది, వార్నింగ్ దానికంటే తక్కువది. రెండూ ఒకే లేబుల్ మీద రావు, తీవ్రమైనదే మిగులుతుంది. ప్రమాదం ఏ రకమో గుర్తు చెబుతుంది, ఎంతటిదో ఈ మాట చెబుతుంది. కింది వాక్యాలు చదివితే మిగతాదంతా తెలుస్తుంది. చెయ్యి కాలుతున్న సీసా మీద చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కళ్లకు హాని అనే అర్థమొచ్చే వాక్యం ఉంటుంది. కొన్ని లేబుళ్ల మీద దానికి ముందు హెచ్ 314 అనే సంకేతం కూడా వేస్తారు. ఆశ్చర్యార్థకమున్న సీసా మీద హెచ్ 315, హెచ్ 319 ఉంటాయి. అవి చర్మానికి చికాకు, కళ్లకు తీవ్రమైన చికాకు.

గుర్తులు లెక్కపెట్టి ప్రమాదాన్ని కొలవవచ్చా అన్నారు. కొలవవద్దు. ఒక గుర్తు ఇంకోదాన్ని తొలగించే నియమాలున్నాయి. పుర్రె వేసిన లేబుల్ మీద ఆశ్చర్యార్థకం వేయరు. చర్మాన్ని కాల్చే గుర్తు వచ్చాక చర్మం, కళ్ల చికాకు కోసం మళ్లీ ఆశ్చర్యార్థకం పెట్టరు. పెద్ద ప్రమాదం చెప్పాక చిన్నది చెప్పనక్కర లేదన్నది అక్కడి తర్కం. అందుకే ఒకే ఒక్క గుర్తున్న సీసా మూడు గుర్తులున్న సీసా కంటే ఘోరమైనది కావచ్చు.

క్షారాల గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆమ్లమంటే అందరికీ భయం, క్షారమంటే ఎందుకో తేలిక. వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది, వెంటనే మంట పుట్టకపోవచ్చు. ఆ జారుడే మీ చర్మంలోని కొవ్వు సబ్బుగా మారుతున్న లక్షణం. చాలా ఆమ్లాలు తగిలిన చోట మాంసకృత్తులను గడ్డకట్టించి, తమ దారికి తామే కొంత అడ్డు వేసుకుంటాయి. క్షారం అలా ఆగదు, లోపలికి దిగుతూ పోతుంది. కంట్లో పడితే ఆలోచించడానికి సమయం లేదు. కుళాయి కింద, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, ఆగకుండా పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు కడగాలి. కాంటాక్ట్ లెన్సులు సులువుగా వస్తే తీసేసి కడగడం కొనసాగించాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి ప్రయాణం. సీసా మీది పి 305, 351, 338 సంకేతాల పక్కన ఉండే వాక్యాలు కూడా కొన్ని నిమిషాల పాటు కడగమనీ, లెన్సులు తీసి కడగడం కొనసాగించమనీ చెబుతాయి. అవసరం పడినప్పుడు చదువుదామని వదిలేయకండి. కంట్లో పడ్డాక లేబుల్ చదవలేరు.

ప్రశ్న: పుర్రె గుర్తు లేని సీసా ఏదైనా ప్రాణాపాయం కాదని మా అన్నయ్య వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదు. పుర్రె ఒక రకం ప్రమాదానికే గుర్తు: మింగినా, పీల్చినా, చర్మానికి తగిలినా కొద్ది మోతాదుతోనే, తొందరగా విషమెక్కే పదార్థాలకు. మింగే విషాల సంగతి చూస్తే, శరీర బరువులో కిలోకు 300 మిల్లీగ్రాములు గానీ అంతకంటే తక్కువ గానీ ఇచ్చినప్పుడు ప్రయోగ జంతువుల్లో సగం చనిపోతాయన్న అంచనా ఉంటే పుర్రె వేస్తారు. 300 దాటి 2,000 వరకూ అయితే ఆశ్చర్యార్థకం. అంటే ఆశ్చర్యార్థకం కూడా విషాన్ని చెప్పే గుర్తే. దాన్ని ఏదో మర్యాద కోసం వేసిన బొమ్మలా చూడకండి.

మీ అన్నయ్యకు రెండు సీసాల సంగతి చెప్పండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మీద సాధారణంగా ఉండేది చేతినీ లోహాన్నీ తినే గుర్తు, పుర్రె కాదు. బెంజీన్ మనుషుల్లో రక్త క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. యూరప్ వర్గీకరణలో దానికి మంట, ఛాతీ మీద నక్షత్రం, ఆశ్చర్యార్థకం ఉంటాయి. పుర్రె ఉండదు. ఈ రెండింటిలో దేన్ని ఆయన నిర్లక్ష్యంగా పట్టుకుంటారో అడగండి.

ప్రశ్న: అమ్మగారూ, నేను ఇంటర్మీడియట్ విద్యార్థిని. మంట గుర్తుకూ వృత్తం మీద మంట గుర్తుకూ తేడా పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు. రెండూ మండేవే కదా?
– ఒక విద్యార్థి

జవాబు: మంచి ప్రశ్న బాబూ. మంట గుర్తున్నది తానే మండుతుంది. వృత్తం మీద మంటున్నది పక్కవాటిని మండిస్తుంది. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ గాఢ ద్రావణం, అమ్మోనియం నైట్రేట్ రెండో జాతివి. వాటిలో ఆక్సిజన్ దాగి ఉంటుంది. నూనె గుడ్డ, రంపపు పొట్టు, కాగితం లాంటివి తగిలితే ఆ ఆక్సిజన్ వాటికి అందుతుంది. మామూలు మంటను గాలి తగలకుండా మూసి ఆర్పవచ్చు. ఇక్కడ అది పనిచేయదు, ఎందుకంటే మంటకు కావలసిన ఆక్సిజన్ లోపలి నుంచే వస్తోంది. ఇది అర్థమైతే, ఈ రెండు గుర్తులున్న సీసాలను ఒకే అరలో ఎందుకు పెట్టకూడదో ఎవరూ చెప్పనక్కర లేదు.

2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవు గిడ్డంగిలో పేలింది అమ్మోనియం నైట్రేటే. ఓడ నుంచి దింపిన 2,750 టన్నుల సరుకు ఏళ్ల తరబడి అక్కడ పడి ఉంది. గిడ్డంగిలో అంటుకున్న మంట దానికి చేరింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. వృత్తం మీద మంట అనే బొమ్మ మీ పుస్తకంలో ఉన్నంత చిన్నది కాదని అర్థం చేసుకోవడానికి అది చాలు.

మొదటి జాతి గురించి కూడా ఒక సంఖ్య గుర్తుంచుకో. ద్రవం పైనున్న ఆవిరి నిప్పురవ్వకు అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. అది 23 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే లేబుల్ మీద మంట, డేంజర్ అనే మాట రెండూ ఉంటాయి. 23 నుంచి 60 వరకూ అయితే మంట, వార్నింగ్. అసిటోన్ ఫ్లాష్ పాయింట్ దాదాపు మైనస్ 20. అంటే మామూలు గదిలో మూత తీసిన అసిటోన్ సీసా ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. గది అవతలి మూల వెలుగుతున్న బర్నరును చేరి, అక్కడ అంటుకుని, మంట మళ్లీ సీసా దాకా వస్తుంది. మంట గుర్తున్న సీసాను నిప్పుకు దూరంగా పెట్టానని చెప్పే ముందు ఆ దూరం ఎంతో చూసుకోవాలి, గాలి ఆడుతోందో లేదో కూడా చూడాలి.

ప్రశ్న: మేడమ్, నేను నాలుగో నెల గర్భిణిని. ఇంట్లో రంగులు వేస్తున్నారు. థిన్నర్ డబ్బా మీద మంట, ఆశ్చర్యార్థకం, ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ కనిపించాయి. ఆ మూడో బొమ్మ క్యాన్సర్ గుర్తని ఎవరో అన్నారు. నిద్ర పట్టడం లేదు. నాలుగు రోజులుగా ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా చేయవలసినది చెబుతాను తల్లీ. రంగుల పని పూర్తయి వాసన పోయేదాకా మీరు ఆ ఇంట్లో ఉండకండి. అది వీలు కాకపోతే ఆ గదులకు దూరంగా, కిటికీలన్నీ తెరిచిన చోట ఉండండి. డబ్బా లేబుల్‌ను అన్ని వైపులా ఫోనుతో ఫొటో తీసి మీ డాక్టరుకు చూపించండి. ఏ పదార్థం, ఎన్నాళ్లు, ఎంతసేపు పీల్చారన్నది ఆమెకు తెలియాలి. నాలుగు రోజుల వాసనకు ఏదో జరిగిపోయిందని అనుకోనక్కర లేదు. అయితే అడగకుండా ఊరుకోవద్దు.

ఇక ఆ గుర్తు సంగతి. తొమ్మిది గుర్తుల్లో జనం ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే, అందుకని కాస్త వివరంగా రాస్తాను. అది క్యాన్సర్ ఒక్కదాని గుర్తు కాదు. శరీరం లోపల నెమ్మదిగా గానీ లోతుగా గానీ హాని చేసే అనేక ప్రమాదాలను ఆ ఒక్క బొమ్మ కిందే చేర్చారు: క్యాన్సర్, జన్యువుల్లో మార్పులు, సంతానశక్తికీ గర్భంలోని బిడ్డకూ హాని, పీలిస్తే ఉబ్బసం లాంటి అలర్జీ, కాలేయం, నరాలు లాంటి అవయవాలకు హాని, మింగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారడం. వీటిలో మీ డబ్బా ఏదో బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. వాక్యం చదవాలి.

థిన్నర్లలో తరచూ ఉండే ద్రావకం టోల్యూన్. మీ డబ్బాలో అది ఉంటే, బొమ్మల కింద ఈ వాక్యాలు కనిపించాలి. హెచ్ 225 అంటే ద్రవమూ ఆవిరీ చాలా తేలికగా మండుతాయి. హెచ్ 315, చర్మానికి చికాకు. హెచ్ 336, మగత, తల తిరగడం. హెచ్ 361, గర్భంలోని బిడ్డకు హాని చేస్తుందన్న అనుమానం ఉంది. హెచ్ 373, ఎక్కువ కాలం గానీ పదే పదే గానీ పీలిస్తే అవయవాలకు హాని కలగవచ్చు. హెచ్ 304, మింగితే, శ్వాసనాళంలోకి వెళితే ప్రాణం పోవచ్చు. ఇన్నింటిలో క్యాన్సర్ మాట లేదు. మీ నిద్ర చెడగొట్టిన మాట అసలు ఆ లేబుల్ మీదే ఉండకపోవచ్చు. కానీ మీకు సంబంధించిన వాక్యం ఒకటి ఉంది, హెచ్ 361. దానిలోని అనుమానం అనే మాటను జాగ్రత్తగా చూడండి. మనుషుల్లో రుజువైన, లేదా బలమైన ఆధారమున్న హాని అయితే సంఖ్య 360 అవుతుంది. ఆధారాలు అంతకంటే తక్కువగా ఉన్నప్పుడు 361. క్యాన్సర్ విషయంలోనూ ఇలాగే 350, 351 అని రెండు మెట్లున్నాయి. ఒక్క అంకె తేడాలో ఎంత సంగతి ఉందో చూడండి.

ఆ చివరి వాక్యం, హెచ్ 304, ఇంట్లో చిన్న పిల్లలున్న ప్రతి ఒక్కరూ చదవాలి. థిన్నర్, టర్పెంటైన్, కిరోసిన్, దీపాల నూనె, ఇవన్నీ నీళ్లలా పలచనివి. పిల్లవాడు గుటకేసినప్పుడు కొద్దిగా పొరబోతే చాలు, ఆ పలచదనం వల్లే ఊపిరితిత్తుల గోడల మీద ఇట్టే పరుచుకుంటుంది. పిల్లవాడు దగ్గుతాడు, ఉక్కిరిబిక్కిరి అవుతాడు. తర్వాత బాగానే ఉన్నట్టు కనిపించి, కొన్ని గంటలకు ఆయాసం మొదలు కావచ్చు. పెద్దవాళ్లు కంగారులో ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయిస్తారు. కడుపులో ఉన్నది మళ్లీ గొంతు దాకా వచ్చి, ఊపిరితిత్తుల్లోకి జారడానికి రెండో అవకాశం దొరుకుతుంది. అందుకే ఆ లేబుళ్ల మీద పి 331 అనే వాక్యం ఉంటుంది: వాంతి చేయించవద్దు. గొట్టాలు శుభ్రం చేసే ద్రవాల మీదా అదే వాక్యం ఉంటుంది, అక్కడ కారణం వేరు. లోపలికి వెళ్లేటప్పుడు కాల్చిన గొంతును బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. ఈ రెండు రకాల్లోనూ వాంతి చేయించకుండా, డబ్బాను చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు మొదట అడిగేది ఏం తాగాడనే. లేబుల్ ఉన్న డబ్బా చూపిస్తే ఆ ప్రశ్నకు ఊహతో పని లేకుండా జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: పెద్ద క్యాన్లలో కొంటే చవకని, చిన్న సీసాల్లోకి ఒంపుకుని వాడుతుంటాం. ఇందులో తప్పేమైనా ఉందా?
– ఒక చిన్న లాడ్జి నిర్వాహకుడు

జవాబు: ఉందండీ, ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. తాగునీళ్ల సీసాలోకీ, పానీయాల సీసాలోకీ ఎప్పుడూ ఒంపకండి, ఒక్క గంట కోసమైనా సరే. చెయ్యి అలవాటుగా ఆ సీసాను నోటి దగ్గరకు తీసుకువెళ్తుంది. కళ్లు చదవవు.

పనివాళ్లకు చిన్న సీసాలు తప్పవు, అర్థం చేసుకోగలను. అలాగైతే ఖాళీ స్ప్రే సీసాలు కొత్తవి కొనండి. క్యాను మీదున్న పేరు, గుర్తులు, డేంజర్ లేదా వార్నింగ్ మాట, ప్రమాద వాక్యాలు ఒక కాగితం మీద రాసి, తడవకుండా టేపు అంటించండి. ఒకసారి ఒక ద్రవం పోసిన సీసాలో మరో ద్రవం పోయవద్దు. దీనికి బలమైన కారణం ఉంది. బ్లీచింగ్ ద్రవంలో ఉండేది సోడియం హైపోక్లోరైట్. యూరప్ లేబుళ్ల మీద దానికి ఆమ్లాలు తగిలితే విషవాయువు వెలువడుతుందన్న ప్రత్యేక వాక్యం ఉంటుంది. మరుగుదొడ్లు కడిగే ద్రవాలు చాలావరకు ఆమ్లాలే. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. కిటికీ లేని స్నానాల గదిలో, మోకాళ్ల మీద కూర్చుని కడుగుతున్న మనిషి ముఖం సరిగ్గా ఆ వాయువు పేరుకునే ఎత్తులోనే ఉంటుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలతో కలిసినా క్లోరమీన్ అనే మరో విషవాయువు పుడుతుంది. పేరు లేని రెండు సీసాలు చేతిలో పెట్టుకున్న పనివాడికి ఇది తెలిసే దారేది?

క్యాను అమ్మిన వారిని సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. అందులో 16 భాగాలుంటాయి. మీకు ముఖ్యమైనవి నాలుగోది, ప్రథమ చికిత్స, ఎనిమిదోది, ఏ చేతి తొడుగులూ కళ్లద్దాలూ వాడాలన్నది, పదోది, దేనితో కలపకూడదన్నది. ఆ మూడు పుటలూ మీ పనివాళ్లకు చదివి వినిపించండి.

ప్రశ్న: చేప, చెట్టు గుర్తు మాత్రమే ఉంటే మనుషులకు హాని లేనట్టేనా?

జవాబు: ఆ పదార్థం మనిషికి కలిగించే హాని వర్గీకరణ గీత దాటలేదని మాత్రమే అర్థం. అది నీటి జీవులను చంపుతుంది. మిగిలిన ద్రవాన్ని కాలువలో పారబోయడానికి వీల్లేదు. కొన్ని సీసాల మీద ఈ గుర్తు పక్కన డేంజర్, వార్నింగ్ రెండూ కనిపించవు. నీటి జీవులకు దీర్ఘకాలిక హానిలో రెండో వర్గానికి గుర్తు ఉంటుంది, మాట ఉండదు. అచ్చు తప్పు అనుకోకండి. అమెరికా కార్యాలయ భద్రతా నిబంధనలు ఈ గుర్తును తప్పనిసరి చేయలేదు కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన సీసాల మీద అది లేకపోయినా చేపలకు హాని లేదని అర్థం కాదు.

ప్రశ్న: మా నాన్నగారి పనిముట్ల గదిలో ఒక పాత డబ్బా దొరికింది. నారింజ రంగు చతురస్రంలో నల్లని పెద్ద ఇంటూ గుర్తు ఉంది. ఇది తొమ్మిదిలో ఏది?

జవాబు: ఏదీ కాదు. అది యూరప్ పాత పద్ధతి గుర్తు. హానికరం లేదా చికాకు కలిగించేది అని అర్థం. ఆ నారింజ గడులు విడి పదార్థాల మీద 2010 డిసెంబరు నుంచి, మిశ్రమాల మీద 2015 జూన్ నుంచి కొత్త ఎర్ర గడులకు చోటిచ్చాయి. అంటే మీ డబ్బా ఎన్నేళ్ల నాటిదో మీరే లెక్క వేసుకోవచ్చు. మూత తీసి వాసన చూడకండి. మీ స్థానిక సంస్థ ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోటికి డబ్బాతో సహా చేర్చండి.

ప్రశ్న: మా అమ్మకు చూపు పూర్తిగా పోయింది. ఇంటి పని మాత్రం ఎవరినీ చేయనివ్వదు. ఈ గుర్తులేవీ ఆమెకు పనికిరావు కదా? ఏం చేయాలి?
– ఒక కుమార్తె

జవాబు: మీ అమ్మగారి వేళ్లకు తెలిసే గుర్తు ఒకటుంది. యూరప్‌లో సామాన్య ప్రజలకు అమ్మే ప్రమాదకర ద్రవాల సీసాల మీద, విషం, చర్మాన్ని కాల్చేవి, చాలా తేలికగా మండేవి లాంటి వర్గాలకు, తడిమితే తెలిసే ఉబ్బెత్తు త్రికోణం తప్పనిసరి. సీసాను నిలబెట్టి, అడుగు అంచుకు దగ్గరగా పక్క గోడ మీద బొటనవేలు పోనిస్తే తగులుతుంది. దానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 11683. మీ ఇంట్లోని సీసాల మీద అది ఉందేమో ముందు మీరు తడిమి చూడండి. ఉంటే ఆమె వేలును అక్కడ పెట్టి చూపించండి.

లేకపోతే మీరే తయారు చేయండి. ప్రమాదమున్న ప్రతి సీసా మెడకూ ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. ఆమ్లమున్నదానికి ఒకటి, బ్లీచింగ్‌కు రెండు. ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉండాలి. ఏది ఎన్ని బ్యాండ్లన్నది ఆమె చేతే నిర్ణయింపజేయండి, అప్పుడే గుర్తుంటుంది. ఆమె పని ఆమెనే చేసుకోనివ్వాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది.

ప్రశ్న: రహదారి మీద ట్యాంకర్ల వెనక కూడా డైమండు గడులు చూస్తాను. అవి రంగురంగులుగా, అంకెలతో ఉంటాయి. మా కర్మాగారం గోడ మీద నాలుగు రంగుల డైమండు ఉంది. అన్నీ ఒకటేనా?
– ఒక కార్మికుడు

జవాబు: ఆకారం ఒకటే, భాషలు మూడు. మీరు ముగ్గురితో మాట్లాడవలసి వస్తోందన్నమాట.

ట్యాంకర్ మీదున్నది రవాణా గుర్తు. చాలావాటిలో గడి లోపలంతా రంగు ఉంటుంది, కింది మూలలో 1 నుంచి 9 వరకూ తరగతి అంకె ఉంటుంది. 3 అంటే మండే ద్రవం, 8 అంటే తినేసే పదార్థం. దాంతోపాటు నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య ఉంటుంది: పెట్రోలుకు 1203, క్లోరిన్‌కు 1017. ట్యాంకర్ బోల్తా పడితే అగ్నిమాపక దళానికి ఫోనులో చెప్పవలసినది ఆ నాలుగంకెలే. అవి దూరం నుంచే చదివి చెప్పండి, దగ్గరకు వెళ్లవద్దు. గాలి వచ్చే వైపుకు జరిగి నిలబడండి.

మీ గోడ మీదున్నది అమెరికాలో పుట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 704 పద్ధతి. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మండే గుణానికి, పసుపు అస్థిరతకు, తెలుపు ప్రత్యేక హెచ్చరికలకు. తెల్ల గడిలో అడ్డగీత కొట్టిన డబ్ల్యూ కనిపిస్తే, ఆ పదార్థం నీళ్లతో ప్రమాదకరంగా చర్య జరుపుతుంది. మంటలంటుకున్నాయని బకెట్టు ఎత్తుకుని పరుగెత్తకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ తోటివారికి కూడా చెప్పండి. గోడ మీది డైమండులో 0 అంటే ప్రమాదం లేనట్టు, 4 అంటే అత్యంత ప్రమాదం. సేఫ్టీ డేటా షీట్‌లో రాసే జీహెచ్‌ఎస్ వర్గం సంఖ్యలు దీనికి తలకిందులుగా నడుస్తాయి. అక్కడ 1వ వర్గమే అన్నిటికంటే ఘోరం. షీట్ తెరిచి 1 చూసి తేలికైనదే అనుకుని చేతి తొడుగులు తీసేస్తే, అది చర్మాన్ని కాల్చే మొదటి వర్గం ద్రవం కావచ్చు. ఏ సంఖ్య చూసినా, అది గోడ మీదిదా, షీట్‌లోదా అన్నది ముందు తేల్చుకోండి.